బావగారి 2 హార్ట్స్: మనకు తెలిసిందంతా ఎదుటివాళ్ళకి చెప్పాలా?

బ్రాడీపేట 4వ లైను | శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. సాయంత్రం క్లబ్బులో బ్రిడ్జ్ పెయిర్స్ (అవే ముక్కలు అన్ని జంటలూ ఆడి స్కోర్లు పోల్చుకునే పేకాట పోటీ) ఆడి వచ్చాను. పడుకున్నాను గానీ నిద్ర పట్టడం లేదు, ఒక బోర్డు (ఒక పంపకం) అలాగే కళ్ళ ముందు తిరుగుతోంది. బ్రిడ్జ్ తెలిసినవాళ్ళు మీరు చాలామంది ఉన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను, తప్పయితే తప్పనే చెప్పండి.

నా పార్ట్‌నర్ మా బావగారు, మా అక్క భర్త. పదకొండేళ్ళుగా కలిసి ఆడుతున్నాం. మా కన్వెన్షన్ కార్డులో (మా బిడ్ల అర్థాలు రాసుకున్న కార్డు) 2 హార్ట్స్, 2 స్పేడ్స్ ఓపెనింగ్ అంటే వీక్ (బలం తక్కువ), ఆ రంగులో ఆరు ముక్కలు, 6 నుంచి 10 పాయింట్లు అని రాసి ఉంది. ఆ కార్డు మొదటి సంవత్సరం రాసుకున్నదే, తర్వాత ముట్టుకోలేదు.

ఆ బోర్డులో డీలర్ని నేను, నార్త్. ఎవరూ వల్నరబుల్ కాదు, అంటే ఓడితే పడే నష్టం తక్కువ. నేను పాస్, ఈస్ట్ పాస్, బావగారు మూడో సీటులో 2 హార్ట్స్ పెట్టారు. వెస్ట్‌లో తెనాలి నుంచి వచ్చిన పెద్దాయన. తన వంతు రాగానే నా వైపు తిరిగి "ఏంటండీ ఇది?" అని అడిగారు. "వీక్ అండి, ఆరు ముక్కలు" అన్నాను. ఆయన 2 నో ట్రంప్ అన్నారు, నేను పాస్, వాళ్ళ పార్ట్‌నర్ 3 నో ట్రంప్ (తురుపు లేకుండా తొమ్మిది ట్రిక్కులు).

నా చేతిలో హార్ట్స్ 8, 6, 2. చిన్నవి మూడుంటే పైది లీడ్ చేయడం మా అలవాటు, 8 వేశాను. డమ్మీలో (బల్ల మీద పరిచిన వాళ్ళ పార్ట్‌నర్ ముక్కల్లో) 5, 3. బావగారు 9 తో గెలిచారు, తెనాలి ఆయన 4 వేసి వదిలేశారు. తర్వాత బావగారు కింగ్ వేశారు, తెనాలి ఆయన ఏస్‌తో పట్టుకున్నారు, నేను 2 వేశాను. ఆ ఏస్ వేసే ముందు చాలాసేపు ఆలోచించారండీ. వేళ్ళతో ముక్కలు సర్ది లెక్క పెట్టుకోవడం నాకు కనపడుతూనే ఉంది. బావగారి దగ్గర ఆరుంటే నా దగ్గర రెండే, ఆ రెండూ ఈ రౌండుతో అయిపోతాయి, ఇక డైమండ్ ఫినెస్ (కింగ్‌ని తప్పించే ప్రయత్నం) పోయి నాకు కింగ్ వచ్చినా తిప్పి వేయడానికి నా దగ్గర హార్ట్ ఉండదు. ఆయన స్పేడ్స్ బలహీనం, ఇంకోసారి వదిలితే బావగారు స్పేడ్స్‌కి మారతారని భయం. అందుకే రెండో రౌండులోనే ఏస్ వేసేశారు.

కానీ బావగారి దగ్గర ఉన్నవి ఐదే, కింగ్ నుంచి 9 దాకా వరసగా. డైమండ్ కింగ్ నాకు వచ్చింది, హార్ట్ 6 తిప్పాను, ఆయన మూడు హార్ట్స్ లాగారు. ఒకటి డౌన్, అంటే వాళ్ళకి ఒక ట్రిక్కు తక్కువైంది. ఏస్‌ని మూడో రౌండు దాకా దాచి ఉంటే నా దగ్గర హార్ట్స్ అయిపోయేవి, గేమ్ ఆయనదే. వాళ్ళకి రావాల్సిన 400 పోయి మాకు 50 వచ్చింది, బోర్డులో మాకు టాప్.

ఆట అయ్యాక ఆయన మెల్లగా అడిగారు: "వీరు ఐదుతో కూడా తెరుస్తుంటారా అండీ?" నేను "మా కార్డులో ఆరు అనే ఉందండి" అన్నాను. ఆయన "సరేనండి" అని ముక్కలు బోర్డులో పెట్టేసి లేచి పక్క టేబుల్‌కి వెళ్ళిపోయారు.

ఆయన అడిగింది బావగారి గురించి, నేను చెప్పింది కార్డు గురించి. బావగారు మూడో సీటులో ఐదుతో తెరుస్తారని నాకు తెలుసు, ఎప్పుడూ ఒకరికొకరం చెప్పుకోలేదు గానీ తెలుసు. నేను మోసం చేసినట్టా?

బెంజి సర్కిల్ | శనివారం రాత్రి 11:52

మీరు ఊరికే మనసు పాడుచేసుకుంటున్నారు. నేను విజయవాడలో పద్దెనిమిదేళ్ళుగా ఆడుతున్నాను, మూడో సీటులో వల్నరబుల్ కానప్పుడు ఐదుతో వీక్ టూ తెరవడం ప్రపంచమంతా చేసేదే. మన పార్ట్‌నర్ పాస్ అన్నాక నాలుగో ఆయన దగ్గర బలం ఉంటుందని తెలిసి అడ్డం పడతాం, అది ఆటలో భాగం. తెనాలి నుంచి టోర్నమెంటుకి వచ్చి ఆడే మనిషికి ఆ మాత్రం తెలియదా?

పైగా రూల్ ప్రకారం సిస్టమ్ నుంచి పక్కకి వెళ్ళి ఏ బిడ్ అయినా పెట్టుకోవచ్చు. కార్డు టేబుల్ మీద ఉంది, అడిగారు, చెప్పారు. మీ బావగారి మనసులో ఏముందో చెప్పే పని మీది కాదు.

స్కోరు షీటు | ఆదివారం ఉదయం 6:35

నేను క్లబ్ స్థాయిలో డైరెక్టర్‌గా (పోటీలో తీర్పు చెప్పేవాడిగా) చాలా ఏళ్ళు చేశాను, రూల్ వరకు చెప్తాను.

బెంజి సర్కిల్ గారు చెప్పింది సగం నిజం. డూప్లికేట్ బ్రిడ్జ్ చట్టాల్లో 40వది ఇదే విషయం. సిస్టమ్ నుంచి పక్కకి పోవచ్చు, ఒక షరతు మీద: అలా పోయారన్న సంగతి తెలియడానికి ఎదుటివాళ్ళకన్నా పార్ట్‌నర్‌కి ఎక్కువ కారణం ఉండకూడదు. అదే పని మళ్ళీ మళ్ళీ చేస్తే అది పార్ట్‌నర్‌షిప్ అవగాహనలోకి వచ్చేస్తుందని కూడా ఆ చట్టంలోనే ఉంది. అవగాహన అంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నదే కానక్కర్లేదు, కలిసి ఆడిన అనుభవంతో ఏర్పడినా అవగాహనే. ఎదుటివాళ్ళు అడిగినప్పుడు ఒప్పందం వల్ల గానీ, అనుభవం వల్ల గానీ మీకు తెలిసిన ప్రత్యేక సమాచారం మొత్తం చెప్పాలి. బ్రిడ్జ్ ఆడేవాళ్ళందరికీ తెలిసిన సంగతుల నుంచి మీరు ఊహించుకున్నది మాత్రం చెప్పక్కర్లేదు.

కాబట్టి ప్రశ్న కార్డులో ఏముందని కాదు. బ్రాడీపేట గారూ, మిమ్మల్ని రెండు అడుగుతాను, కాస్త గుర్తు తెచ్చుకుని చెప్పండి. మీ బావగారు ఇలా ఎన్నిసార్లు చేశారు? మీ చేతిలో మూడు హార్ట్స్ ఉన్నాయి కదా, 2 నో ట్రంప్ మీద మీరు 3 హార్ట్స్ ఎందుకు అనలేదు?

మోసం అనే మాట మాత్రం ఇక్కడ వాడకండి. ముందే మాట్లాడుకున్న సైగలతో పార్ట్‌నర్‌కి సమాచారం అందించడాన్ని 73వ చట్టం అన్నిటికన్నా పెద్ద నేరం అంటుంది. 1965లో బ్యూనస్ ఎయిర్స్ ప్రపంచ పోటీలో రీస్, షాపిరో అనే బ్రిటన్ జంట మీద వచ్చిన ఆరోపణ అలాంటిది, ముక్కలు పట్టుకున్న వేళ్ళతో హార్ట్స్ ఎన్నున్నాయో చెప్పుకుంటున్నారని. ప్రపంచ సమాఖ్య తప్పన్నది, ఇంగ్లండ్‌లో జరిగిన విచారణ నిర్దోషులన్నది. అది వేరే లోకం. మీది వివరణ సరిగ్గా చెప్పారా లేదా అన్న విషయం.

బ్రాడీపేట 4వ లైను | ఆదివారం ఉదయం 9:10

పొద్దున్నే లేచి నా స్కోర్ల నోట్‌బుక్ తీశాను. ప్రతి బోర్డూ రాసుకునే అలవాటు నాకు. ఈ ఏడాది బావగారు మూడో సీటులో వీక్ టూ తెరిచింది తొమ్మిది సార్లు. అందులో ఆరుసార్లు ఐదు ముక్కలే. మొదటి, రెండో సీటులో ఒక్కసారి కూడా ఐదుతో తెరవలేదు.

రెండో ప్రశ్న దగ్గర నాకు చేతులు ఆగిపోయాయండి స్కోరు షీటు గారూ. 3 హార్ట్స్ ఎందుకు అనలేదు అంటే, ఆయన దగ్గర ఐదే ఉండొచ్చు అనుకున్నాను కాబట్టి. ఆరూ మూడూ తొమ్మిది తురుపులుంటే తొమ్మిది ట్రిక్కుల దాకా, అంటే మూడో లెవెల్ దాకా పోవచ్చని మనందరం నేర్చుకున్నదే. మొదటి సీటులో తెరిచి ఉంటే ఆలోచించకుండా 3 హార్ట్స్ అనేవాణ్ణి. ఐదూ మూడూ ఎనిమిదే అని ఆగాను. అంటే నేను ఆరు అని ఆయనకి చెప్పి, ఐదు అని నేను ఆడాను.

రాత్రి ఇది నాకు తట్టలేదు.

కళావర్ రాణి | ఆదివారం ఉదయం 9:48

బ్రాడీపేట గారూ, ఈ మాట ఒప్పుకుని రాసినందుకు ముందు మీకు నమస్కారం.

నేను 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్‌లో నేర్చుకున్నాను, క్లబ్బుకి రావడం తర్వాత మొదలుపెట్టాను. ఆన్‌లైన్‌లో అలర్ట్ చేసేది (ఈ బిడ్‌కి ప్రత్యేక అర్థం ఉందని ఎదుటివాళ్ళకి చెప్పేది) పార్ట్‌నర్ కాదు, బిడ్ పెట్టినవాళ్ళే పెట్టేటప్పుడే దాని అర్థం టైప్ చేస్తారు, అది ఎదుటివాళ్ళకే కనపడుతుంది, పార్ట్‌నర్‌కి కనపడదు. నాకు బ్రిడ్జ్ అంటే అదే అలవాటైంది. తీరా గుంటూరులో మొదటిసారి టేబుల్ మీద కూర్చుని ఒక డబుల్ గురించి అడిగితే వచ్చిన జవాబు "స్టాండర్డ్ అమ్మా". దేనికి స్టాండర్డ్? ఎవరి స్టాండర్డ్? మళ్ళీ అడిగితే ఆయన ముఖం మాడ్చుకుని "మామూలుగా అందరూ ఆడేదే" అన్నారు. మూడోసారి అడగడానికి నాకు మొహమాటం వేసింది, ఆడదాన్ని, కొత్తదాన్ని, అవతల ఇద్దరూ మా నాన్నగారి వయసువాళ్ళు. ఊరుకున్నాను, తప్పు ముక్క వేశాను, తర్వాత తెలిసింది ఆ డబుల్ వాళ్ళకి పెనాల్టీ (మీరు ఓడతారు అనడం) కాదు, టేకౌట్ (పార్ట్‌నర్‌ని ఇంకో రంగు చెప్పమనడం) అని.

వాళ్ళు అబద్ధం చెప్పలేదు. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా నా నోట్లోంచి వచ్చేదాకా ఆగారు. నాకు తెలియని సంగతి గురించి సరైన ప్రశ్న నేనెలా అడుగుతానండీ? తెలిస్తే అడిగే పనే లేదు కదా. మీ తెనాలి ఆయన కూడా "మూడో సీటులో, వల్నరబుల్ కానప్పుడు, ఐదు ముక్కలతో" అని ముక్కముక్కగా అడగాలా? "ఏంటండీ ఇది" అన్న మాటలోనే అన్నీ ఉన్నాయి.

పాత ముక్కలు | ఆదివారం ఉదయం 10:30

నాకు డెబ్బై నాలుగు. అరండల్‌పేటలో ఒక మేడ మీద గదిలో నాలుగు బల్లలు వేసుకుని, సీలింగ్ ఫ్యాన్ గాలికి ముక్కలు ఎగరకుండా చేయి అడ్డం పెట్టుకుని ఆడిన రోజుల నుంచి ఆడుతున్నాను. అప్పుడు బిడ్డింగ్ బాక్సులు లేవు, నోటితోనే బిడ్. ఆఠీన్, ఇస్పేటు, డైమన్, కళావరు అనే అనేవాళ్ళం. కన్వెన్షన్ కార్డు నేను చూసింది ఆడటం మొదలుపెట్టిన చాలా ఏళ్ళకి.

ఆ రోజుల్లో పార్ట్‌నర్‌ని చదవడమే ఆట అనుకునేవాళ్ళం. నా పార్ట్‌నర్ ఒక ప్లీడరు గారు, కీర్తిశేషులు. ఆయన రెండో బిడ్‌కి ఎంత బలం చూపిస్తారో, ఎప్పుడు ధైర్యం చేస్తారో, ఎప్పుడు వెనక్కి తగ్గుతారో నాకు తెలిసినట్టు ఆయన భార్యకి కూడా తెలియదేమో. అది ఇరవై ఏళ్ళ కష్టం. దాన్ని ఎదురుగా కూర్చున్న కొత్త జంటకి అడగ్గానే విప్పి చెప్పాలంటే, నిజం చెప్తున్నాను, నాకు ఇప్పటికీ ప్రాణం ఒప్పదు. మేం సంపాదించుకున్నదాన్ని ఊరికే ఇచ్చేసినట్టు అనిపిస్తుంది.

కానీ బ్రాడీపేట అబ్బాయి రాసిన చివరి మాట రెండుసార్లు చదివాను. "ఆరు అని చెప్పి, ఐదు అని ఆడాను." దానికి నా దగ్గర జవాబు లేదు నాయనా. మేమూ అలా ఎన్నిసార్లు చేశామో ఇప్పుడు లెక్క తీస్తే తేలదు.

కొత్త చెయ్యి | ఆదివారం మధ్యాహ్నం 1:15

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, మా తాతగారి దగ్గర నేర్చుకుంటున్నాను. ఒక డౌట్. అన్నీ చెప్పాలంటే నా బుర్రతో నేను కనిపెట్టింది కూడా చెప్పాలా? ఉదాహరణకి బిడ్డింగ్ విని, నా ముక్కలు చూసుకుని, పార్ట్‌నర్ దగ్గర క్లబ్స్ ఒక్కటే ఉందని నాకు అర్థమైంది అనుకోండి. ఎదుటివాళ్ళు అడిగితే అది కూడా చెప్పేయాలా? అలా అయితే ఇక ఆడటం ఎందుకు?

ఇంకోటి, పార్ట్‌నర్ బిడ్ నాకే అర్థం కానప్పుడు ఏం చెప్పాలి? తాతగారు ఒకసారి 4 క్లబ్స్ అన్నారు, ఎవరో అడిగితే నేను బిక్కమొహం వేశాను.

స్కోరు షీటు | ఆదివారం మధ్యాహ్నం 2:40

బాబూ, చెప్పక్కర్లేదు. నీ చేతిలో ఉన్న ముక్కలు చూసి నువ్వు తేల్చుకున్నది నీది. అందరూ నేర్చుకునే సాధారణ లెక్కతో తేల్చుకున్నదీ నీదే. మీ ఇద్దరి మధ్య మాత్రమే ఉన్నది, ఎదుటివాళ్ళకి ఎక్కడా దొరకనిది ఏదైనా ఉంటే అది వాళ్ళకీ చెందుతుంది. పాత ముక్కలు గారికి కూడా ఇదే మనవి. ప్లీడరు గారి అలవాట్లు మీకు తెలియడం మీ కష్టం, దాన్ని వాడి ఆడటం కూడా తప్పు కాదు. ఎదుటివాళ్ళు అడిగినప్పుడు అవి వాళ్ళకీ అందుబాటులో ఉండాలి, అంతే. తెలిశాక కూడా మిమ్మల్ని ఓడించడం తేలికైన పని కాదు.

అర్థం కానప్పుడు "మా మధ్య దీనికి ఒప్పందం లేదండి" అనాలి. ఇక్కడ చాలామంది మర్యాద కోసం "నేను ఇలా అనుకుంటున్నాను" అని ఊహ చెప్పేస్తారు. మంచి మనసుతోనే చెప్తారు గానీ రెండు రకాలుగా చెడుతుంది. ఊహ తప్పయితే ఎదుటివాళ్ళు దాన్ని నమ్మి నష్టపోతారు. ఒప్పయినా తప్పయినా నువ్వు ఎలా తీసుకున్నావో మీ తాతగారు వినేస్తారు, ఆ విన్నది వాడుకునే హక్కు ఆయనకి లేదు. అయితే దగ్గర సంబంధం ఉన్న ఒప్పందం ఇంకేదైనా ఉంటే, 4 స్పేడ్స్‌కి ఇలా ఆడతాం, 4 క్లబ్స్ గురించి మాట్లాడుకోలేదు అన్నావనుకో, అది చెప్పాలి. "ఒప్పందం లేదు" అన్న మాటని తెలిసినదాన్ని దాచడానికి వాడకూడదు.

అడిగేవాళ్ళకి కూడా హద్దు ఉంది. అడగాల్సింది మీ వంతు వచ్చినప్పుడే. నాకు తెలుసు, నా పార్ట్‌నర్‌కి తెలియదేమో అని వాళ్ళకి వినిపించడం కోసమే ప్రశ్న అడగడం కూడా చట్టం ఒప్పుకోదు.

బ్రాడీపేట గారికి. మన వివరణ తప్పని గానీ, సగమే అని గానీ మనకే తట్టిందంటే మొదటి ముక్క తిరగేసేలోపు డైరెక్టర్ని పిలిచి సరిదిద్దాలి. మీ బావగారు మాత్రం మీరు "ఆరు" అనగానే నోరెత్తకూడదు, ముఖంలో కూడా చూపించకూడదు. డిఫెండర్ (బిడ్ గెలిచినవాళ్ళకి ఎదురు ఆడేవాడు) కాబట్టి ఆట పూర్తయ్యాక డైరెక్టర్ని పిలిచి "మా వాళ్ళు చెప్పింది పూర్తిగా లేదు" అని ఆయనే చెప్పాలి. అప్పుడు డైరెక్టర్ సరైన వివరణతో ఆ బోర్డు ఎలా పోయేదో చూసి స్కోరు మారుస్తాడు. నేనయితే 3 నో ట్రంప్ మేడ్ ఇచ్చేవాణ్ణి. స్కోర్లు పెట్టాక సాధారణంగా అరగంట వరకే అడిగే హక్కు, అది నిన్నే దాటిపోయింది.

మిర్చి యార్డు | ఆదివారం సాయంత్రం 5:05

మాది మిర్చి వ్యాపారం, కాబట్టి నాకు అర్థమైన రీతిలో చెప్తాను. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి చూపించేటప్పుడు పైన ఎర్రగా నిగనిగలాడే తేజ కాయ ఉంటుంది. కొనేవాడు చెయ్యి లోపలికి పెట్టి తీస్తాడు, తాలు కాయ ఎంత ఉందో చూసుకుంటాడు, మెత్తగా ఉంటే తేమ అంటాడు. అక్కడ ఇద్దరికీ తెలుసు, చూసుకునే బాధ్యత కొనేవాడిది. నేను పిలిచి మరీ "లోపల తాలు ఉంది" అని చెప్పను. అది తప్పు అని కూడా ఎవరూ అనరు.

అదే సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు కథ వేరు. అక్కడ సరుకు నా చేతిలో ఉంది, నాకు తెలిసింది వాడికి తెలిసే దారి లేదు. ఫారంలో అడగలేదు కదా అని ముఖ్యమైన విషయం దాస్తే రేపు క్లెయిమ్ నిలబడదు. మా నాన్నగారి కాలంలో మా చుట్టాల ఇంట్లోనే జరిగింది. ఏదీ అబద్ధం రాయలేదు, రాయాల్సింది రాయలేదు. రూపాయి రాలేదు.

బ్రిడ్జ్ ముక్కలాడటం యార్డు లాంటిది. బ్రాడీపేట గారి 8 చూసి రెండు ముక్కలా మూడు ముక్కలా అని తెనాలి ఆయనే తేల్చుకోవాలి. బిడ్డింగ్ అర్థం చెప్పడం మాత్రం ఇన్సూరెన్సు లాంటిది. బెంజి సర్కిల్ గారు ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారని నాకు అనిపిస్తోంది.

బెంజి సర్కిల్ | ఆదివారం రాత్రి 8:20

అందరివీ చదివాను. ఒక విషయం ఒప్పుకుంటాను. 3 హార్ట్స్ అనకుండా ఆగిన సంగతి తెలిశాక నా మొదటి మాట నిలబడదు. "అందరికీ తెలిసిందే" అన్నాను. అందరికీ తెలిసింది మూడో సీటులో తేలిగ్గా తెరుస్తారనే. ఈయనకి తెలిసింది తొమ్మిదిలో ఆరుసార్లు అని. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. ఆట అయ్యాక ఆయన అడిగినప్పుడైనా "అవునండీ, మూడో సీటులో తెరుస్తారు" అని ఉంటే అప్పుడే డైరెక్టర్ని పిలిచేవారు, అంతా సర్దుకునేది. నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం అదేననుకుంటాను.

కానీ నా భయం కూడా వినండి. రెండు బోర్డులకి మనకి ఇచ్చేది పదిహేను నిమిషాలు. ప్రతి బిడ్‌కీ పార్ట్‌నర్ జీవిత చరిత్ర చెప్పుకుంటూ పోతే ఆట ఎప్పుడు ఆడతాం? ఇంకో ముఖ్యమైన మాట, ఎక్కువ చెప్పడం కూడా పార్ట్‌నర్‌కి సాయమే. "మావాడు ఒక్కోసారి ఐదుతో కూడా" అని టేబుల్ మీద గట్టిగా అంటే, నేనెలా అర్థం చేసుకున్నానో మావాడికీ తెలిసిపోయింది కదా. కొందరు పూర్తిగా చెప్తున్నామనే పేరుతో ఆ పని చేయడం నేను కళ్ళారా చూశాను. ఎంత చెప్పాలి అనేది తేలాలి.

కళావర్ రాణి | ఆదివారం రాత్రి 8:55

బెంజి సర్కిల్ గారూ, ఎక్కువ చెప్పనక్కర్లేదండీ. "వీక్. మామూలుగా ఆరు, మూడో సీటులో తరచుగా ఐదు." ఎనిమిది మాటలు కూడా లేవు. మీరన్న రెండో భయం నిజమే, దానికి మందు కార్డే. కార్డులో రాసి ఉంటే చెప్పేవాళ్ళు కొత్తగా ఏమీ బయటపెట్టడం లేదు, పార్ట్‌నర్‌కి కొత్తగా తెలిసేదీ లేదు. పదకొండేళ్ళ కిందటి కార్డు కాకుండా ఇప్పుడు నిజంగా ఆడుతున్నది రాసుకోవాలి.

డైమన్ రాజు | సోమవారం ఉదయం 7:30

నేను ఈ బావగారిని. నా బావమరిది నన్ను అడగకుండా ఇదంతా ఇక్కడ పెట్టాడని నిన్న సాయంత్రం మా ఆవిడ ద్వారా తెలిసింది. కోపం వచ్చింది, దాచను. రాత్రి భోజనానికి పిలిచి మొహం మీదే అడిగాను. తర్వాత ఇద్దరం ఫోన్‌లో మొదటి నుంచి చదివాం.

నా తరఫున ఒక్కటే చెప్పాలి. నేను దాన్ని ఒప్పందం అని ఎప్పుడూ అనుకోలేదు. నా చేతిలో మంచి ఐదు ముక్కలు కనపడితే, ఇది నా జడ్జిమెంట్, నా రిస్కు, ఇందులో పార్ట్‌నర్‌కి సంబంధం లేదు అనుకునేవాణ్ణి. నేను వాడికి చెప్పలేదు, వాడు నన్ను అడగలేదు. ఇద్దరం నీతిగానే ఉన్నాం అనుకున్నాను. వాడు నోట్‌బుక్ తెచ్చి ఆ తొమ్మిది బోర్డులూ నా ముందు పెట్టాడు. ఐదుతో తెరిచిన ఆరింటిలో నాలుగుసార్లు వాడి చేతిలో మూడు ముక్కల సపోర్టు ఉంది. నాలుగుసార్లూ పెంచలేదు. ఒకసారైనా పెంచి దెబ్బ తిని ఉంటే నేను మానేసేవాణ్ణేమో. వాడు ఆగడం చూసి నాకు ధైర్యం వచ్చింది, నేను తెరవడం చూసి వాడికి అలవాటైంది. నోరు విప్పకుండా ఒప్పందం ఎలా తయారవుతుందో అందులో కనపడింది.

ఇంకో సంగతి ఎవరూ అడగలేదు గానీ చెప్తాను. ఆ రోజు వాడు "ఆరు ముక్కలు" అన్నప్పుడు నేను విన్నాను. నా చేతిలో ఐదున్నాయి. ఆట అయ్యాక డైరెక్టర్ని పిలవాల్సిన పని నాదని నాకు తెలుసు, ఆ రూల్ నేను చదివాను. తెనాలి ఆయన లేచి వెళ్తుంటే నేను స్కోరు స్లిప్ మీద 50 రాస్తూ తల ఎత్తలేదు. నిద్ర పట్టకపోవాల్సింది వాడికి కాదు, నాకు.

పాత ముక్కలు | సోమవారం ఉదయం 8:10

రాజు గారూ, ఇది రాయడం తేలిక కాదు. మీ ఇద్దరూ ఎదురుగా కూర్చుంటే ఆడటానికి నేను ఎప్పుడైనా వస్తాను.

బ్రాడీపేట 4వ లైను | బుధవారం రాత్రి 10:15

ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత. సోమవారమే తెనాలి ఆయనకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, 3 హార్ట్స్ అనకుండా ఆగిన సంగతి కూడా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇంకోసారి వదిలి ఉండాల్సింది, నాదీ తొందరే" అన్నారు. కాదండీ, నేను చెప్పినదాని ప్రకారం మీరు ఆడింది కరెక్టే అన్నాను. "అది చాలు బాబూ, ఆ రాత్రి నుంచి నేను ఎక్కడ తప్పు ఆడానా అని చూసుకుంటున్నాను" అన్నారు. ఆ మాట నేను ఊహించలేదు. పోయింది 400 మాత్రమే అనుకున్నాను, ఆ పెద్దాయన తన లెక్క మీద తనకే అనుమానం పెట్టుకుని తెనాలి వెళ్ళారు. క్లబ్ సెక్రటరీకి కూడా చెప్పాం. స్కోరు మార్చే గడువు అయిపోయింది గానీ సంగతి రాసిపెట్టుకున్నారు.

నిన్న రాత్రి బావగారి ఇంట్లో కార్డు ముందేసుకుని కూర్చున్నాం. అక్క రెండుసార్లు టీ పెట్టింది. మూడో సీటు ఒక్కటే అనుకున్నాం, తవ్వేకొద్దీ వచ్చాయి. 1 నో ట్రంప్ 15 నుంచి 17 పాయింట్లు అని రాసి ఉంది. మంచి ఐదు ముక్కల సూట్ ఉంటే ఆయన 14తో తెరుస్తారు, నాకు తెలుసు, అందుకే నేను 8తో గేమ్‌కి ఇన్విటేషన్ ఇవ్వడం ఎప్పుడో మానేశాను. వాళ్ళు మధ్యలో బిడ్ పెట్టినప్పుడు నా డబుల్ పెనాల్టీ అని కార్డులో ఉంది, మేం దాన్ని టేకౌట్‌గా ఆడబట్టి నాలుగేళ్ళయింది. కళావర్ రాణి గారూ, మీకు "స్టాండర్డ్ అమ్మా" అన్నది మేం కాదనే అనుకుంటున్నాను, కానీ మేమూ అదే చెప్పి ఉండేవాళ్ళం.

ఒక్కదాని దగ్గర ఇద్దరికీ కుదరలేదు. బావగారు బాగా వెనకబడి ఉన్నప్పుడు చివరి రెండు రౌండ్లలో ధైర్యం చేస్తారు, స్లామ్స్ (పన్నెండు, పదమూడు ట్రిక్కుల బిడ్లు) తేలిగ్గా వేస్తారు. ఇది నాకు తెలుసు. ఆయనేమో వెనకబడినవాడు ఎవడైనా చేసేదే అది, ప్రత్యేకం ఏముంది అంటారు. స్కోరు షీటు గారూ, ఇది కార్డులో రాయాలా?

స్కోరు షీటు | బుధవారం రాత్రి 10:50

అందరూ చేసేదానికన్నా ఎక్కువ చేస్తారా, చూసి మీరు మీ బిడ్ తగ్గించుకుంటున్నారా? నోట్‌బుక్ చూడండి. తగ్గించుకుంటుంటే రాయండి.

బ్రాడీపేట 4వ లైను | బుధవారం రాత్రి 11:30

చూశాను. తగ్గించుకుంటున్నాను. రాశాం.